సినిమా ఒక్కటే చాలదు: విదేశీ దర్శకులు, కళాకారుల వీసాలు

అమెరికాలో పనిచేయడానికి ఒక విదేశీ దర్శకుడి తరఫున వచ్చిన అర్జీని పరిశీలించే అధికారి ఆ దర్శకుడి సినిమా చూడనవసరం లేదు. చూసి మార్కులు వేసే ఏర్పాటు చట్టంలో ఎక్కడా లేదు. ఆ అధికారి బల్ల మీదికి వచ్చేది వందల పేజీల కట్ట. అందులో పత్రికల సమీక్షలు, కాంట్రాక్టులు, పోస్టర్లు, వసూళ్ల లెక్కలు, సినీ పెద్దల ఉత్తరాలు ఉంటాయి. ఈ మనిషి తన రంగంలో మిగతావారికంటే బాగా పైన ఉన్నాడా లేడా అన్నది ఆ కట్టను బట్టే తేలాలి. ప్రతిభను నేరుగా కొలవలేని ప్రభుత్వం ప్రతిభ వదిలిన ఆనవాళ్లను కొలుస్తుంది. ఆ ఆనవాళ్లు మిగలడం మాత్రం పూర్తిగా కళాకారుడి చేతిలో ఉండదు. అతను పెరిగిన పరిశ్రమలో కాంట్రాక్టు రాసుకునే అలవాటు ఉందా, పనిచేసినవాళ్ల పేరు తెరమీద పడుతుందా, పత్రికలు సాంకేతిక నిపుణుల గురించి రాస్తాయా అన్నవాటి మీద ఆధారపడుతుంది. వ్యక్తికి పెట్టిన పరీక్షలా కనిపించే ఈ వీసా అతని వెనుక ఉన్న పరిశ్రమను కూడా పరీక్షిస్తుందని నా అభిప్రాయం. ఇలాంటివారికి అమెరికా ఇచ్చే ఓ-1 వీసాను, దాని పక్కన మరికొన్ని దేశాల పద్ధతులను ఆ దృష్టితోనే ఇక్కడ పరిశీలిస్తున్నాను.

కళాకారులకు విడిగా వీసా అన్నది మరీ పాత ఏర్పాటు కాదు. 1952 నాటి అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టంలో హెచ్-1 కింద విశిష్టమైన ప్రతిభ, సామర్థ్యం ఉన్నవారు తాత్కాలికంగా పనిచేయడానికి రాగలిగేవారు. గాయకుడైనా, దర్శకుడైనా, శాస్త్రవేత్తయినా అందరిదీ అదే దారి. అదే 1952లో చార్లీ చాప్లిన్ ‘లైమ్‌లైట్’ ప్రదర్శన కోసం లండన్‌కు ఓడలో వెళ్తుండగా ఆయన తిరిగి వచ్చే అనుమతిని అమెరికా ప్రభుత్వం రద్దు చేసింది. దాదాపు నాలుగు దశాబ్దాలు అక్కడే పనిచేసి, పౌరసత్వం మాత్రం తీసుకోని మనిషి ఆయన. మళ్లీ ఆ నేల మీద అడుగుపెట్టింది 1972లో, గౌరవ ఆస్కార్ అందుకోవడానికి. చట్టంలో రాసిన అర్హత ఒకటి, గుమ్మం దగ్గర రాజ్యం ఇచ్చే అనుమతి మరొకటి. ఈ తేడా నేటికీ పోలేదు.

1990లో అమెరికన్ కాంగ్రెస్ చట్టాన్ని తిరగరాసింది. హెచ్-1బి ప్రధానంగా డిగ్రీ అవసరమయ్యే ప్రత్యేక ఉద్యోగాలకు మిగిలింది. కళాకారులకు, క్రీడాకారులకు ఓ, పి అనే కొత్త తరగతులు వచ్చాయి. స్థానికుల పనులు పోతాయని యూనియన్లు భయపడ్డాయి. విదేశీ కళాకారులు రాకపోతే తమ వేదికలు వెలవెలబోతాయని కళాసంస్థలు వాదించాయి. మొదట పి వీసాల్లో కొన్నింటికి ఏడాదికి 25,000 పరిమితి పెట్టారు, 1991 డిసెంబర్ సవరణల్లో దాన్ని ఎత్తేశారు. కొత్త తరగతులు 1992 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. ఆ బేరసారాల గుర్తులు చట్టంలో రెండు ఉండిపోయాయి. ప్రతి అర్జీకీ ఆ రంగంలోని సంఘం అభిప్రాయం జతచేయాలి. సినిమా, టెలివిజన్ వాళ్లకు మిగతా కళాకారులకంటే ఎత్తైన కొలబద్ద పెట్టాలి.

ఈ రెండో గుర్తు దగ్గర కాస్త ఆగాలి. ఓ-1లో శాస్త్రం, విద్య, వ్యాపారం, క్రీడలకు ‘ఎ’ విభాగం, కళలకు ‘బి’ విభాగం. మళ్లీ ‘బి’లోనే రెండు మెట్లున్నాయి. చిత్రకారుడు, నర్తకి, రంగస్థల దర్శకుడు తమ రంగంలో సాధారణంగా కనిపించే స్థాయికంటే బాగా పైన ఉన్నట్టు చూపితే చాలు. సినిమా, టీవీ మనిషి మాత్రం తన రంగంలో ప్రముఖుడిగా, అగ్రగణ్యుడిగా గుర్తింపు పొందినట్టు చూపాలి. ఇంకో తేడా కూడా ఉంది. తన కళకు ప్రమాణాలు సరిగ్గా అతకనప్పుడు చిత్రకారుడు వాటితో సమానమైన వేరే రుజువులు పెట్టుకోవచ్చు. సినిమావాళ్లకు ఆ వెసులుబాటు లేదు. ఓటీటీ సినిమా, వెబ్ సిరీస్, వాణిజ్య ప్రకటన ఇవన్నీ సినిమా లెక్కలోకే వస్తాయి. సొంతంగా తీసి పెట్టుకునే వ్లాగ్‌లు సాధారణంగా రావు. ఒకే మనిషి నాటకం ఆడించడానికి వెళ్తే ఒక కొలత, అదే నాటకాన్ని సినిమాగా తీయడానికి వెళ్తే ఇంకో కొలత. సినిమా తీయడం నాటకం వేయడంకంటే కష్టమన్న ఆలోచనతో పెట్టిన తేడా కాదిది. హాలీవుడ్ యూనియన్లు బలమైనవి, చట్టం రాసే గదిలో వాటి మాట చెల్లింది.

ఆస్కార్, ఎమ్మీ, గ్రామీ, డైరెక్టర్స్ గిల్డ్ అవార్డు స్థాయి పురస్కారం అందుకున్నా, కనీసం నామినేషన్ వచ్చినా మొదటి గండం గడిచినట్టే. 2023 మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ అందుకున్న కీరవాణి, చంద్రబోస్‌ల వంటివారికి ఇక ఆరు షరతుల జోలికి పోయే అవసరం రాదు. మిగిలిన లోకమంతా ఆరింటిలో కనీసం మూడు చూపాలి. పేరున్న చిత్రాల్లో ప్రధాన బాధ్యత వహించి ఉండాలి. పెద్ద పత్రికల్లో తన గురించి, తన పని గురించి రాతలు రావాలి. పేరున్న సంస్థల్లో కీలక పాత్ర నిర్వహించి ఉండాలి. వసూళ్లలోనో విమర్శకుల మెప్పులోనో పెద్ద విజయాలుండాలి. నిపుణులు, విమర్శకులు, ప్రభుత్వ సంస్థల నుంచి గుర్తింపు ఉండాలి. తోటివారికంటే ఎక్కువ పారితోషికం అందుకొని ఉండాలి. మూడు దొరికాయి కదా అని ఊపిరి పీల్చుకోవడానికీ లేదు. మొత్తం కట్ట చదివాక ఆ స్థాయి ఉన్నట్టు అధికారికి అనిపించాలి. అనిపించకపోతే ఆర్‌ఎఫ్‌ఈ వస్తుంది, అంటే మరిన్ని రుజువులు పంపమని నోటీసు.

ఈ ఆరు షరతులను హైదరాబాద్ సినిమా పరిశ్రమ పక్కన పెట్టి చూడండి. చేయి తిరిగిన ఒక ఎడిటర్‌ను ఊహించుకుందాం. వయసు ముప్పై అయిదు, చేతిలో మూడు హిట్లు. మొదటి సినిమాలో ఎడిటింగ్ అంతా ఆమే చేసింది, టైటిల్ కార్డులో మాత్రం అసోసియేట్‌గా పడింది. రెండో దానికి కాంట్రాక్టే లేదు. నిర్మాత ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, అడ్వాన్స్ చెక్కు ఇచ్చారు, మిగతాది విడతలవారీగా చేతికిచ్చారు. మూడో సినిమా ఘనవిజయం. పత్రికలు పేజీలు పేజీలు రాశాయి గాని హీరో గురించి, దర్శకుడి గురించి. ఆమె పేరు కనిపించేది సమీక్ష చివరి పేరాలో, “సాంకేతికంగా సినిమా ఉన్నతంగా ఉంది” అన్న వాక్యం తరవాత, కెమెరా, నేపథ్య సంగీతాల పక్కన, “ఎడిటింగ్ ఇంకాస్త పదునుగా ఉంటే బాగుండేది” అన్న ఒక్క ముక్కలో. వీసా కట్టలో ఆ ముక్కకే ఒక ఎగ్జిబిట్ నంబరు పడుతుంది. తెలుగు పత్రం మొత్తానికి ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. అనువాదం సంపూర్ణమనీ, సరైనదనీ, తనకు రెండు భాషలూ వచ్చనీ అనువాదకుడు సంతకం పెట్టాలి. ఆ పత్రిక ఎంతమందికి చేరుతుందో చూపే కాగితం ఇంకొకటి కావాలి. ఇంత చేసినా, ఆ ఒక్క వాక్యం ఆమెను అగ్రగణ్యురాలిగా నిలబెడుతుందా అన్నది అనుమానమే.

ఆమె పనితనంలో లోపం లేదు. ఆమె పనితనాన్ని కాగితం మీద పెట్టని అలవాటులో ఉంది లోపం. మన పరిశ్రమలో మాటకు విలువ ఉంది, ఆ విలువను నేను తక్కువ చేయడం లేదు. ఎన్నో మంచి సినిమాలు ఒక్క మాట మీద మొదలై పూర్తయ్యాయి. కాకపోతే మాట ఇచ్చినవాళ్లు పోయాక, ఆఫీసు మూతపడ్డాక, ఇంకో దేశంలో ఇంకో అధికారికి అది చూపడం ఎలా? కో-డైరెక్టర్లు, అసోసియేట్లు, పేరు పడకుండా కథలు, మాటలు రాసిపెట్టే ఘోస్ట్ రచయితలు, వీళ్లందరి ఏళ్ల శ్రమ ఈ లెక్కలో సున్నా. నిర్మాత దగ్గర ఒక్క పేజీ ఉత్తరం, తెరమీద సరైన కార్డు, రెండూ ఉండి ఉంటే దారి తెరుచుకునేది.

వెతికితే దొరికే కాగితాలు కొన్ని ఉన్నాయి, అవి చాలామందికి తట్టవు. చెక్కు ద్వారా ఇచ్చిన పారితోషికంలో నిర్మాత టీడీఎస్ కోసుకుంటాడు. అది ఆదాయపన్ను ఫారం 26ఏఎస్‌లో నిర్మాణ సంస్థ పేరుతో సహా కనిపిస్తుంది. ఫలానా ఏడాదిలో ఫలానా సంస్థ ఇంత చెల్లించిందని చెప్పే రికార్డు అది. ఐఎమ్‌డీబీ పేజీకి ఎవరైనా మార్పులు పంపవచ్చు కాబట్టి దానికంటే సమయంతో సహా తీసుకున్న టైటిల్ కార్డు స్క్రీన్‌షాట్ బలమైనది. వసూళ్ల సంగతికొస్తే, ఇక్కడి పోస్టర్ల మీద వేసే కోట్ల అంకెలను మనవాళ్లే నమ్మరు, అమెరికా అధికారి ఎలా నమ్ముతాడు? అమెరికా థియేటర్ల వసూళ్లు మాత్రం రోజువారీగా నమోదవుతాయి. ‘బాహుబలి 2’ 2017లో ఉత్తర అమెరికాలో 2 కోట్ల డాలర్లు దాటిందన్నది అక్కడి ట్రేడ్ పత్రికల్లో రికార్డయిన సంగతి. తెలుగు సాంకేతిక నిపుణుడికి ఉన్న అతి గట్టి వాణిజ్య రుజువు చాలాసార్లు అమెరికా ప్రవాసులు కొన్న టికెట్లలోనే ఉంటుంది.

అవార్డుల మాటా ఇదే వరసలో చెప్పుకోవాలి. జాతీయ చలనచిత్ర పురస్కారం వస్తే దాన్ని దేశస్థాయి ప్రధాన పురస్కారంగా గట్టిగా వాదించవచ్చు, అధికారి ఒప్పుకుంటాడన్న హామీ మాత్రం లేదు. రాష్ట్ర ప్రభుత్వ అవార్డు ‘ప్రభుత్వ సంస్థ గుర్తింపు’ అన్న షరతు కింద పనికొస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1964లో మొదలైన నంది అవార్డుల ప్రకటన 2016 సినిమాలతో ఆగిపోయింది. తెలంగాణ 2025లో గద్దర్ అవార్డులు మొదలుపెట్టింది. మధ్యలో జారిపోయిన ఏళ్లకు ఉత్తమ చిత్రాలను ప్రకటించింది గాని, ఆ ఏళ్లలో పనిచేసిన ఛాయాగ్రాహకులకు, ఎడిటర్లకు, కళాదర్శకులకు విడివిడిగా దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు. తెలుగు సినిమా దేశమంతటికీ చేరిన కాలమది. సరిగ్గా అప్పుడే ఒక తరం నిపుణులకు ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం లేకుండా పోయింది. ఇది చిన్న నష్టమని నేననుకోను.

ఈ కొరతను కనిపెట్టి పుట్టిన వ్యాపారాలున్నాయి. డబ్బు కట్టి ఎంట్రీ పంపితే నెలనెలా పదుల సంఖ్యలో ‘ఉత్తమ లఘుచిత్రం’ లారెల్స్ ఇచ్చే ఆన్‌లైన్ ఫెస్టివల్స్ ఒకటి. ఇంటర్వ్యూ పేరుతో పైసలు తీసుకుని వ్యాసం వేసే సైట్లు ఇంకొకటి. కుర్రవాళ్లు ఎంతో ఆశతో, కొంత అమాయకత్వంతో వాటిని పోగుచేసుకుంటారు. అధికారి అడిగేది ఆ ఫెస్టివల్‌కు పేరుందా, ఎన్నింటిలో ఎన్ని ఎంపిక చేస్తారు, జ్యూరీలో ఎవరున్నారు అని. జవాబు లేని ఇరవై లారెల్స్ కట్టను బరువెక్కిస్తాయి గాని బలపరచవు. పైగా మంచి రుజువుల మీద కూడా అనుమానం రేపుతాయి. సిఫారసు ఉత్తరాలదీ అదే కథ. ఆరుగురు పెద్దలు రాసిన ఆరు ఉత్తరాల్లో ఒకే వాక్యాలు కనబడితే అవన్నీ ఒక్క చేత్తో రాసినవని ఎవరికైనా తెలిసిపోతుంది. ఫలానా సినిమా క్లైమాక్స్‌ను ఈమె ఎలా కట్ చేసింది, దానివల్ల సన్నివేశం ఎలా నిలబడింది అని స్వయంగా చూసినవాడు రాసిన ఒక్క ఉత్తరం ఆ ఆరింటికంటే మేలు. రాసినవారికి ఆ మాట చెప్పే అర్హత ఏమిటో కూడా ఉత్తరంలోనే తెలియాలని నిబంధన.

అర్హత రుజువైనా అర్జీ పెట్టేది కళాకారుడు కాదు. ఓ-1కి తన తరఫున తానే అర్జీ పెట్టుకోవడం కుదరదు. అమెరికాలోని యజమాని గాని, అమెరికా ఏజెంటు గాని పిటిషనర్‌గా నిలబడాలి. దర్శకుడికి స్వంత కంపెనీ ఉంటే ఆ కంపెనీ పిటిషన్ వేయవచ్చని 2025 జనవరిలో స్పష్టత వచ్చింది. స్వతంత్రంగా పనిచేసేవారికి ఇది పెద్ద ఊరట. నాలుగైదు చోట్ల పనిచేసే ఫ్రీలాన్సర్‌కు ఏజెంటు దారే అనువు, కాకపోతే ఏ పని ఎప్పుడు, ఎవరి దగ్గర అన్న వివరం ముందే ఇవ్వాలి. మూడేళ్ల తరవాత ఏ సినిమా తీస్తాడో ఏ దర్శకుడు చెప్పగలడు? ఆ ఇబ్బంది అటుంచితే, మనకు అనుకూలమైన నిబంధన ఒకటి ఇక్కడుంది. లిఖిత కాంట్రాక్టు లేకపోతే నోటిమాటగా కుదిరిన షరతుల సారాంశాన్ని రాసి ఇవ్వవచ్చు. ఏమి ఇస్తామన్నారు, ఏమి ఒప్పుకున్నారు అన్నది అందులో ఉండాలి. సినిమావాళ్ల పని తీరు తెలిసినవాళ్లెవరో రాసిన నిబంధనలా ఉంది.

యూనియన్ అభిప్రాయం దగ్గర సినిమావాళ్లకు రెట్టింపు పని. మిగతా కళాకారులకు ఒక్క ఉత్తరం చాలు, సినిమావాళ్లకు కార్మిక సంఘం నుంచి ఒకటి, యాజమాన్య సంఘం నుంచి ఒకటి కావాలి. దర్శకుడైతే డైరెక్టర్స్ గిల్డ్, నటుడైతే శాగ్-ఆఫ్‌ట్రా, కెమెరామన్, ఎడిటర్ వంటివారికి ఐఏటీఎస్‌ఈ. నిర్మాతల పక్షాన ఏఎంపీటీపీ. ఈ అభిప్రాయాలకు ప్రభుత్వం కట్టుబడనక్కరలేదు. సంఘం వద్దన్నా ఇవ్వవచ్చు, ఔనన్నా నిరాకరించవచ్చు. అయినా వద్దన్న ఉత్తరం కట్టలో ఉంటే అధికారి చూపు మారుతుంది. ఏ సభ్యులకైతే ఆ విదేశీయుడు పోటీ అవుతాడో వాళ్ల సంఘాన్నే అభిప్రాయం అడగడం నాకు పూర్తి న్యాయంగా అనిపించదు. అలాగని యూనియన్ల భయాన్ని కొట్టిపారేయలేను. మన తెలుగు సినీ కార్మికుల ఫెడరేషన్ కూడా బయటి టెక్నీషియన్లు వచ్చినప్పుడు స్థానికులకు పని దక్కాలని గట్టిగా అడుగుతుంది, అడగాలి కూడా.

ఖర్చు సంగతి క్లుప్తంగా. 2024 ఏప్రిల్ నుంచి ఓ తరగతి పిటిషన్ రుసుము 1,055 డాలర్లు, చిన్న సంస్థలకు 530. దీనిమీద ఇంకో 600 డాలర్ల రుసుము, అది చిన్న సంస్థలకు 300, లాభాపేక్ష లేని సంస్థలకు లేదు. 15 పనిదినాల్లో జవాబు కావాలంటే దాదాపు మూడు వేల డాలర్లు అదనం. కాన్సులేట్‌లో వీసా రుసుము 205. వకీలు ఫీజు వీటన్నిటికంటే ఎక్కువ ఉండటం మామూలే. మంజూరైతే మొదట మూడేళ్ల దాకా, తరవాత ఏడాది చొప్పున పొడిగింపు. ఏటా ఇన్నే అన్న కోటా లేదు, లాటరీ లేదు. భార్య లేదా భర్త, పిల్లలు ఓ-3 మీద రావచ్చు గాని పనిచేయకూడదు. దర్శకుడితో పాటు అతని సహాయకులు రావాలంటే ఓ-2. ఇందులో సినిమావాళ్లకు మళ్లీ కఠినమైన షరతు. ఆ దర్శకుడితో చాలాకాలంగా పనిచేస్తున్న అనుబంధం చూపాలి, లేదా సినిమా పనిలో ముఖ్యమైన భాగాలు బయటా, అమెరికాలోనూ జరుగుతున్నందున పాతవాళ్లే కొనసాగాలని నిరూపించాలి. ఒక కెమెరామన్‌తో పదేళ్లు ప్రయాణించిన దర్శకుడికి ఇది అర్థమయ్యే నిబంధనే.

ఇన్ని షరతులున్నా కొందరు ఓ-1 వైపే చూడటానికి కారణం మిగతా దారులు ఇంకా ఇరుకు కావడం. టూరిస్టు, బిజినెస్ వీసా మీద వచ్చి సినిమా తీయకూడదు. విదేశీ మీడియా ప్రతినిధుల ఐ వీసా వార్తలకు, సమాచార డాక్యుమెంటరీలకే, కథాచిత్రాలకు, ప్రకటనలకు కాదు. తెలుగు సంఘాలు సభలకు పిలిచే సంప్రదాయ కళాకారులకు పి-3 తరగతి ఉంది, దర్శకుడికి అది అతకదు. హెచ్-1బికి డిగ్రీతో ముడిపడిన ఉద్యోగం ఉండాలి, లాటరీ తగలాలి. దానికి తోడు 2025 సెప్టెంబర్‌లో బయటి నుంచి వచ్చేవారి కొత్త అర్జీలకు లక్ష డాలర్లు కట్టాలన్న ఆదేశం వచ్చింది.

అమెరికాలోనే ఫిల్మ్ స్కూల్లో చదివిన విద్యార్థి స్థితి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. చదువయ్యాక ఓపీటీ కింద పని అనుమతి 12 నెలలు. సాంకేతిక కోర్సులవాళ్లకు దొరికే రెండేళ్ల పొడిగింపు సినిమా డిగ్రీకి ఎక్కువగా దొరకదు. ఏడాది లోపల ఒక కుర్ర దర్శకుడు తన రంగంలో ప్రముఖుడైపోవాలి. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ తీయడానికి సుమారు మూడేళ్లు పట్టింది, ఆ మధ్యకాలంలో ఆయన ఎవరి పరీక్షలోనూ అగ్రగణ్యుడుగా నెగ్గేవారు కాదు. మొదటి సినిమా తీస్తున్నవాడిని గుర్తించే గడి ఓ-1లో లేదు. పేరొచ్చాక రమ్మంటుంది. పేరు రావడానికి అవకాశం ఎంతో అవసరమైన ఆ కొన్ని ఏళ్లలో మాత్రం తలుపు మూసి ఉంచుతుంది. ఈ వీసా మీద నా ప్రధాన అభ్యంతరం ఇదే.

పిటిషన్ మంజూరవడం సగం దారి. మిగిలిన సగం కాన్సులేట్. హైదరాబాద్‌లో అమెరికన్ కాన్సులేట్ 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకు మారింది. తెలుగువాళ్ల స్టాంపింగ్ ఇప్పుడు అక్కడే. ఏ దేశంలోని కాన్సులేట్‌లోనైనా దర్శకుడి పనికంటే అతని పాస్‌పోర్టు గట్టిగా మాట్లాడుతుంది. ఇరాన్ దర్శకుల అనుభవాలు చూస్తే ఇది స్పష్టం. 2001లో జాఫర్ పనాహీ హాంకాంగ్ నుంచి అర్జెంటీనా వెళ్తూ న్యూయార్క్‌లో విమానం మారబోతే, వేలిముద్రలు ఇవ్వనన్నందుకు గొలుసులతో కట్టి నిర్బంధించారు. 2002లో అబ్బాస్ కియరోస్తమీ ‘టెన్’ చిత్రంతో న్యూయార్క్ చలనచిత్రోత్సవానికి రావాల్సి ఉండగా వీసా అందలేదు. ఆయనకు మద్దతుగా ఫిన్లాండ్ దర్శకుడు అకీ కౌరిస్మాకీ తానూ రానన్నాడు. 2017లో అస్గర్ ఫర్హాదీ ప్రయాణ నిషేధానికి నిరసనగా ఆస్కార్ వేడుకకు దూరంగా ఉన్నాడు, ఆ రాత్రే ఆయన ‘సేల్స్‌మన్’కు అవార్డు వచ్చింది. 2025 జూన్ నిషేధంలోనూ ఇరాన్ ఉంది. ఆరు షరతులకు ఆరూ తీర్చగల మనుషులు వీళ్లు.

మిగతా దేశాలు ఇదే సమస్యను వేరేవిధంగా పరిష్కరించుకున్నాయి. బ్రిటన్ చేసిన ఒక పని నాకు చాలా ఆచరణీయంగా తోస్తుంది. విదేశంలో డబ్బు పెట్టి, విదేశీ సంస్థ తీస్తున్న సినిమా యూనిట్ లొకేషన్ షూటింగ్‌కు సందర్శకుల వీసా మీదే రావచ్చు. నటుడు, దర్శకుడు, టెక్నీషియన్ అందరికీ వర్తిస్తుంది. లండన్‌లో పాట తీయాలనుకున్న తెలుగు యూనిట్‌కు ఇది కొన్ని వారాల పేపర్ పని, అదే పాట న్యూయార్క్‌లో తీయాలంటే నెలల వ్యవహారం. అక్కడే ఉండి పనిచేయదలచినవారికి 2020 ఫిబ్రవరిలో మొదలైన గ్లోబల్ టాలెంట్ వీసా ఉంది. సినిమా, టీవీ దరఖాస్తులను నిర్మాతల సంఘం ప్యాక్ట్ పరిశీలిస్తుంది, అంటే తూకం వేసేది ఇమ్మిగ్రేషన్ గుమాస్తా కాదు, సినిమా తెలిసినవాళ్లు. కొన్ని పెద్ద పురస్కారాలు వచ్చినవాళ్లకు ఆ పరిశీలన కూడా అక్కర్లేదు. వీసా చేతికొచ్చాక ఏ యజమానికీ కట్టుబడనక్కరలేదు. అయితే సినిమావాళ్ల ప్రమాణం ఇక్కడా ఎత్తుగానే ఉంది, బాఫ్టా, ఆస్కార్ స్థాయి నామినేషన్ల చుట్టూ తిరుగుతుంది.

ఫ్రాన్స్ 2016 చట్టంతో తెచ్చిన టాలెంట్ నివాస అనుమతి నాలుగేళ్ల దాకా ఉంటుంది. కీర్తిని అంతగా పట్టించుకోదు. కళ మీద బతకగలవా అని అడుగుతుంది. కనీస వేతనంలో 70 శాతం ఆదాయం ఉండాలి, అందులో సగానికి పైగా కళ నుంచే రావాలి. జీవిత భాగస్వామికి పనిచేసే హక్కు కూడా ఇస్తుంది. జర్మనీలో ఫ్రీలాన్స్ నివాస అనుమతికి పని ఇస్తామన్న ఉత్తరాలు, ఆరోగ్య బీమా, బతకడానికి తగిన ఆధారం చూపాలి, 45 దాటితే వృద్ధాప్యానికి ఏర్పాటు కూడా చూపాలి. బెర్లిన్‌లో దేశదేశాల యువ దర్శకులు చేరడంలో ఈ వెసులుబాటు పాత్ర కొంత ఉంది. కెనడా స్వయం ఉపాధి కళాకారులకిచ్చే శాశ్వత నివాస పథకాన్ని 2024 ఏప్రిల్ 30 నుంచి నిలిపివేసింది. యూఏఈ గోల్డెన్ వీసా అందరికీ తెలిసిందే. 2021లో మమ్ముట్టి, మోహన్‌లాల్ అందుకున్నారు. అది ప్రఖ్యాతులను గౌరవించే ఏర్పాటు, ఎదుగుతున్నవారికి దారి చూపే ఏర్పాటు కాదు. నన్నడిగితే, మొదటి సినిమా తీసేవాడికి అనువైన ప్రశ్న అడుగుతున్నవి ఫ్రాన్స్, జర్మనీలే. పేరు సంగతి తరవాత, ముందు పని దొరుకుతుందా, బతకగలవా అన్నదే ఆ ప్రశ్న.

ఇక మన గుమ్మం. తన దర్శకులకు బయట దారులు కావాలని కోరే దేశం బయటి దర్శకులను ఎలా చూస్తుందన్నది కూడా లెక్కే. అమెరికాలో సినిమా చదువుకుని 1935లో మద్రాసు వచ్చిన ఎల్లిస్ ఆర్. డంగన్ తమిళం రాకుండానే పదిహేనేళ్ల పాటు తమిళ సినిమాలు తీశాడు. పోలండ్ ఛాయాగ్రాహకుడు మిరొస్లావ్ కూబా బ్రొజెక్ లేకుండా ‘పుష్ప’ రంగు, వెలుగు అలా ఉండేవి కావు. ఇప్పుడు కథాచిత్రం తీయడానికి వచ్చే విదేశీయులకు విడిగా ఫిల్మ్ వీసా ఉంది. 2015లో ఎన్‌ఎఫ్‌డీసీలో పెట్టిన ఫిల్మ్ ఫెసిలిటేషన్ ఆఫీసు అనుమతులన్నీ ఒక్కచోట ఇప్పిస్తుంది. విదేశీ చిత్రాలు ఇక్కడ పెట్టే ఖర్చులో 40 శాతం, 30 కోట్ల రూపాయల దాకా తిరిగి ఇస్తామని 2023 నవంబర్‌లో ప్రకటించారు. ఇవి మంచి పనులు. కాకపోతే ఫిల్మ్ వీసా, ఒక్కచోట అనుమతులు డాక్యుమెంటరీకి వర్తించవు. డాక్యుమెంటరీ తీసేవాళ్లు విదేశాంగ శాఖ అనుమతి తీసుకోవాలి, జర్నలిస్టు వీసా మీద రావాలి. వచ్చినవాడు అడవిలో సెట్ వేసి పాట తీస్తే అనుమతులన్నీ ఒక్కచోట ఇప్పిస్తాం, అదే అడవిలోని మనుషుల గురించి నిజం తీస్తానంటే విదేశాంగ శాఖ దగ్గర వరసలో నిలబెడతాం. ఫెసిలిటేషన్ ఆఫీసు కిటికీలోనే డాక్యుమెంటరీలకూ అనుమతులివ్వడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, రెండు మంత్రిత్వ శాఖలు కూర్చుని మాట్లాడుకుంటే సరిపోతుంది.